కుక్కల టీకాలు, నాలుగో పాఠం: ఆఖరి సూది ఏ వారంలో పడింది?

గత పాఠంలో "మూడు వారాలకొకటి చొప్పున మూడు సూదులు" అని రాశాను. చాలామంది తడబడింది సరిగ్గా అక్కడే. మీరు పంపిన టీకా కార్డుల్లో ఎక్కువవాటిలో 6, 9, 12 వారాల దగ్గర మూడు తేదీలున్నాయి, వాటి కింద "కోర్సు పూర్తయింది" అని ఉంది. మీరు నేను చెప్పినట్టే చేశారు. ఎన్ని సూదులో చెప్పి, ఎప్పటిదాకా వేయించాలో చెప్పకపోవడం నా తప్పు. ఆ కుక్కపిల్లల్లో ఒకదానికి 15వ వారంలో పార్వో (వాంతులు, నెత్తుటి విరేచనాలు తెచ్చే వైరస్) సోకింది. నాలుగు రోజులు సెలైన్ మీద ఉండి బతికి బయటపడింది. అందుకే ఈరోజు పెద్ద కుక్కలతో మొదలుపెట్టవలసిన పాఠాన్ని పక్కకు జరిపి, ముందు ఈ ముడి విప్పుతాను.

సూదుల సంఖ్యను మరిచిపోండి. డిస్టెంపర్ (ఊపిరితిత్తులను, నరాలను దెబ్బతీసే వైరస్ జబ్బు), అడినో వైరస్ (కాలేయాన్ని దెబ్బతీసేది), పార్వో కలిసిన టీకా ఆఖరి డోసు పిల్లకు 16 వారాలు నిండాకే పడాలి. అంతకు ముందు పడినవి మూడైనా ఐదైనా ఈ నియమం మారదు.

ఎందుకంటే, పుట్టిన మొదటి రోజు తాగిన ముర్రుపాలతో తల్లి యాంటీబాడీలు, అంటే రోగక్రిములను అడ్డుకునే రక్షక ప్రోటీన్లు, పిల్ల రక్తంలోకి చేరతాయి. అవి పిల్లను కాపాడతాయి, కానీ టీకాలోని బలహీనపరిచిన వైరస్‌ను కూడా శత్రువే అనుకుని అణిచేస్తాయి. అప్పుడు సూది పడుతుంది, కార్డులో స్టిక్కర్ అంటుతుంది, పిల్ల శరీరం మాత్రం ఏమీ నేర్చుకోదు. ఈ యాంటీబాడీలు సుమారు పది రోజులకోసారి సగానికి తగ్గుతూ పోతాయి. కొన్ని పిల్లల్లో 8 వారాలకే పలచబడతాయి, కొన్నింటిలో 12 వారాలు దాటినా నిలిచే ఉంటాయి. ఒకే ఈతలో పుట్టిన రెండు పిల్లలకు కూడా ఈ లెక్క ఒకటి కాదు. తోబుట్టువులను నెట్టేసి, కడుపునిండా ముర్రుపాలు తాగిన బొద్దు పిల్లనే తీసుకోండి. అందరూ "ఇది గట్టిది, దీనికి భయం లేదు" అంటారు. తల్లి యాంటీబాడీలు ఎక్కువ కాలం నిలిచి, 12వ వారం సూది వృథా అయ్యే అవకాశం దానికే ఎక్కువ.

ఇంకో చిక్కుంది. తల్లి యాంటీబాడీలు తగ్గుతున్నప్పుడు కొన్నాళ్లు అవి టీకాను అడ్డుకునేంత ఉంటాయి, బయటి వైరస్‌ను ఆపేంత ఉండవు. ఆ సందు ఏ పిల్లకు ఎప్పుడు వస్తుందో బయటినుంచి చూసి చెప్పలేం. పార్వో వైరస్ నేలలో నెలల తరబడి బతికి ఉంటుంది, అది ఆ సందు కోసమే కాచుకుని ఉన్నట్టు అనుకోండి. మనం ఇన్ని డోసులు వేయించేది ఒకదానికి మరొకటి బలమివ్వాలని కాదు, వాటిలో ఒకటైనా తల్లి యాంటీబాడీలు దిగిపోయిన సమయంలో పడాలని. "మూడు సూదులు పడ్డాయి కదా, ఇంకేం కావాలి?" అనే మాట నాకు అందుకే కోపం తెప్పిస్తుంది. మూడూ తలుపు మూసి ఉండగానే పడి ఉండవచ్చు.

నేను వేసే లెక్క ఇది: కేలండర్ తీసి ముందు ఆఖరి తేదీ గుర్తు పెడతాను, అక్కడినుంచి వెనక్కి వస్తాను. పిల్ల జనవరి 10న పుట్టిందనుకుందాం, ఫిబ్రవరికి 28 రోజులు. 16 వారాలు నిండేది మే 2. నాలుగు వారాలు వెనక్కి వస్తే ఏప్రిల్ 4, ఇంకో నాలుగు వెనక్కి వస్తే మార్చి 7. అంటే 8, 12, 16 వారాలు. మీ కార్డుల్లోలాగే ఇక్కడా మూడే సూదులు. వేరే ఖర్చు లేదు, వేరే నొప్పి లేదు, ముగింపు తేదీ ఒక్కటే మారింది. చుట్టుపక్కల పార్వో తిరుగుతుంటే తేడాను రెండు మూడు వారాలకు తగ్గించి 7, 10, 13, 16 అని వేస్తాను. రెండు వారాలకంటే దగ్గరగా మాత్రం వద్దు.

6, 9, 12తో ఆపినవారు మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టనక్కరలేదు. 16 వారాలు నిండాక ఒక్క డోసు వేయించండి, చాలు. ఇప్పటికే దాటిపోయి ఉంటే ఈ వారమే వెళ్లండి.

ఆ తర్వాత పిల్లకు 26 వారాల వయసులో ఇదే టీకా ఇంకొకటి. పాత పద్ధతిలో దీన్ని ఏడాదికి వేసేవారు. 16వ వారం డోసు కూడా పట్టని పిల్ల ఏదైనా ఉంటే, అది ఏడాది దాకా రక్షణ లేకుండా తిరగడం దేనికి? మన లెక్కలో అది జూలై 11.

రేబిస్ టీకా 12 వారాలు నిండాక ఒకటి, మళ్లీ ఏడాదికి ఒకటి. ఆ తర్వాత ఏటా వేయించాలా, మూడేళ్లకోసారా అన్నది టీకా లేబుల్‌ను బట్టి, మీరున్నచోటి చట్టాన్ని బట్టి ఉంటుంది. అందులో బేరం లేదు. లెప్టోస్పైరోసిస్ (ఎలుకల మూత్రం వల్ల సోకే బాక్టీరియా జబ్బు, క్లుప్తంగా లెప్టో) టీకా మృత బాక్టీరియాతో చేసింది కనుక ఒక్కటి చాలదు. 8 వారాల తర్వాత మొదలుపెట్టి, 2 నుంచి 4 వారాల తేడాతో రెండు డోసులు, ఆపైన ఏటా ఒకటి.

ఇక పెద్ద కుక్కలు. పూర్వాపరాలు తెలియని పెద్ద కుక్క ఇంటికి వస్తే చాలామంది పిల్లకు వేసినట్టు మూడు డోసులు వరసగా వేయిస్తున్నారు. దాని రక్తంలో తల్లి యాంటీబాడీలు లేవు, కాబట్టి డిస్టెంపర్, అడినో, పార్వో టీకా ఒక్క డోసు సాధారణంగా సరిపోతుంది. లేబుల్ రెండు అంటే రెండు. ఆ మూడింటికీ తర్వాతి బూస్టర్ మూడేళ్లలోపు అవసరం లేదు. అనుమానముంటే యాంటీబాడీ పరీక్ష చేయించవచ్చు, ఈ మూడింటికి ఆ ఫలితం నమ్మదగినదే. లెప్టోకు ఆ పరీక్ష పనికిరాదు.

జాగ్రత్త అంటే డోసు తగ్గించడం అనుకోకండి. చిన్న కుక్కకు సగం డోసు అడుగుతున్నవారున్నారు. సగం డోసుకు సగం రక్షణ అనే లెక్క లేదు, పూర్తిగా వేయించండి. ఒకే రోజు ఎక్కువ టీకాలు పడితే చిన్న జాతి కుక్కల్లో ప్రతిచర్య అవకాశం పెరుగుతుంది. అందుకని నేను రేబిస్‌ను విడిగా, రెండు వారాల తేడాతో వేయిస్తాను. మళ్లీ వెళ్లడం కుదరదనుకుంటే అన్నీ ఒకేరోజు వేయించడమే మేలు.

నేనెప్పుడూ ఉదయమే వెళతాను. సాయంత్రం సూది పడి రాత్రి ముఖం వాస్తే వైద్యుడు దొరకడు. సీసా అడుగున ఎండిన తెల్లటి బిళ్ల, అందులోకి ద్రావకం ఎక్కించడం, సీసాను చేతిలో మెల్లగా తిప్పడం, ఇదంతా మీ కళ్లముందే జరగాలి. ముందే కలిపి ఉంచినది వద్దు. సీసా మీది బ్యాచ్ నంబరు స్టిక్కర్ కార్డులో అంటించాక అరగంట అక్కడే కూర్చోండి. ఒకరోజు మందకొడిగా ఉండటం మామూలే. ముఖం వాపు, దద్దుర్లు, ఆగని వాంతులు, కూలబడటం కనిపిస్తే వెంటనే లోపలికి తీసుకెళ్లండి.

అభ్యాసం. మూడు కుక్కలకు ఏడాది పట్టిక రాయండి. మొదటిది 9 వారాల పిల్ల: 5వ వారంలో ఒక సూది పడింది, ఈరోజు విరేచనాలతో ఉంది. రెండోది సుమారు రెండేళ్లది: కార్డు లేదు. మూడోది ఎనిమిదేళ్లది: కలిపిన టీకా రెండేళ్ల కిందట, రేబిస్ 14 నెలల కిందట పడ్డాయి, లెప్టో ఎన్నడూ పడలేదు. ప్రతి తేదీ పక్కన అది ఆ రోజే ఎందుకో ఒక వాక్యం రాయాలి. కారణం రాయలేకపోయిన తేదీని కొట్టేయకండి, దాని చుట్టూ సున్నా చుట్టి పంపండి. వచ్చే పాఠం ఆ సున్నాల దగ్గరే మొదలుపెడతాను.