రాజీనామాకు ముందే ఇంట్లో అడగాల్సినవి

బ్యాంకులో వ్యాపార రుణాల దరఖాస్తులు చూసే ఉద్యోగం మానేసి, నాన్న, బాబాయి కలిసి నడిపే ప్రింటింగ్ ప్రెస్‌లో చేరాను. ఇలాంటి ఆలోచనలో ఉన్నవాళ్లు నన్ను అడిగేది ఒకటే: ఉద్యోగం ఎప్పుడు మానేయాలి? అడగాల్సినవన్నీ అడిగేశాకే. నెలజీతం వస్తున్నంతకాలం నిక్కచ్చిగా అడగొచ్చు, నచ్చకపోతే రానని చెప్పొచ్చు. మానేశాక అదే ప్రశ్న వేస్తే "వచ్చీ రాగానే లెక్కలడుగుతోంది" అంటారు.

ముందు ఖాతాలు. మూడేళ్ల లాభనష్టాలు, బ్యాలెన్స్ షీట్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు తీసుకోండి. లాభం అంకె చూసి సంబరపడకండి. బిల్లు రాయగానే అమ్మకం లెక్కలోకి ఎక్కేస్తుంది, డబ్బు మాత్రం పార్టీ దయతలిచినప్పుడే వస్తుంది. అందుకే రావాల్సిన బాకీలను తేదీలవారీగా రాయించండి. ఏడాది దాటిన బాకీని నేనైతే ఆస్తి కింద లెక్కేయను. అమ్మకాల్లో సగం ఒకే పార్టీ నుంచి వస్తుంటే ఆ పార్టీ చెయ్యిస్తే ఏం చేస్తారో అడగండి. అప్పులకు హామీ సంతకం ఎవరిది, ఇంటి కాగితాలు తాకట్టులో ఉన్నాయా అన్నది తప్పకుండా తెలుసుకోండి. రేపు భాగస్వామి అయితే ఆ సంతకం మిమ్మల్నీ పెట్టమంటారు.

ఇంటి డబ్బూ వ్యాపారం డబ్బూ కలిసిపోయి ఉండటం మామూలే. మా నాన్న టేబుల్ సొరుగులో ఇంటి కరెంటు బిల్లు, కాగితం సప్లయర్ బిల్లు, తమ్ముడి కాలేజీ ఫీజు రసీదు ఒకే రబ్బరు బ్యాండు కింద ఉండేవి. ఎవరినీ తప్పుపట్టకుండా వాటిని విడదీసి, ఇంటి ఖర్చులు తీసేస్తే ప్రెస్‌కు నిజంగా మిగులుతున్నదెంతో చూశాను. నాకిచ్చే జీతం అందులోంచే రావాలి కదా.

ఆ తర్వాత మీ స్థానం. 1978లో హార్వర్డ్‌లో టాగియూరి, డేవిస్ అనే ఇద్దరు కుటుంబ వ్యాపారాన్ని ఒకదానిలోకి ఒకటి చొచ్చుకొచ్చే మూడు వృత్తాలుగా గీశారు: కుటుంబం, యాజమాన్యం, వ్యాపార నిర్వహణ. కాగితం మీద గీసి, అందరి పేర్లూ వాటిలో రాసి చూడండి. బాబాయి కొడుక్కి వాటా ఉంది, పని లేదు. నాకు పని ఉంది, వాటా లేదు. సగం గొడవలు ఇక్కడే పుడతాయి. జీతం చేసిన పనికి, లాభంలో భాగం వాటాకి. అదే పనికి బయటివాళ్లను పెట్టుకుంటే ఎంతిస్తారో అంతే అడగండి. "అంతా నీదేగా" అన్న మాట వినడానికి బాగానే ఉంటుంది కానీ దాని కింద సంతకం ఉండదు.

పగ్గాలు ఎప్పుడిస్తారో కూడా అడగాలి. జపాన్‌లో ఒసాము సుజుకి బ్యాంకు ఉద్యోగం వదిలి 1958లో భార్య తరఫు వాళ్ల సుజుకి వాహనాల కంపెనీలో చేరితే, అధ్యక్షుడయ్యేసరికి 1978 వచ్చింది. అంత ఓపిక మీకుందా?

ఎవరి కింద పనిచేస్తారన్నదీ ముందే తేల్చుకోండి. నేను బాబాయిని అడిగి ఆయన కిందే చేరాను. నాన్న కిందైతే ఆఫీసు గొడవ అన్నం దగ్గరికి కూడా వచ్చేస్తుంది. ఉద్యోగంలో సెలవులుంటే కొన్నాళ్లు ఊరికే వెళ్లి పని చూడండి. మా ఆపరేటర్ మెషీన్‌లోంచి షీటు లాగి, అంచున ఉన్న ప్లస్ గుర్తుల మీద భూతద్దం పెట్టి చూస్తారు. నాలుగు రంగుల గుర్తులూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోకపోతే మెషీన్ ఆగాల్సిందే, పార్టీ గుమ్మంలో నిలబడి తొందరపెట్టినా సరే. ఆయన నన్ను అందరి ముందూ "పాపా" అనే పిలుస్తారు. పిలవనివ్వండి, దాంతో మీ హోదాకేం కాదు.

ఉద్యోగం వదిలేటప్పుడు నోటీసు గడువు పూర్తిచేయండి, రావాల్సిన కాగితాలు చేతికి తీసుకోండి. కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా ఆగిపోతుందేమో చూసుకుని, ముందే సొంతంగా ఒకటి తీసుకోండి. ఆరు నెలల ఇంటిఖర్చు పక్కన లేకపోతే తేదీ వెనక్కి జరపండి.

చివరగా, కుదరకపోతే ఏం చేయాలన్నది రాసుకోండి: ఎన్నాళ్లకు కూర్చుని మాట్లాడాలి, అప్పుడు బయటి మనిషిగా ఎవరుండాలి, వెళ్లిపోతే ఏం ఇవ్వాలి. మా కాగితం ఒక్క పేజీ. నాన్న చదవకుండానే సంతకం పెట్టేశారు. బాబాయి రెండుసార్లు చదివి, నా సెలవుల్లో కొన్ని కొట్టేసి మరీ పెట్టారు.