బ్లాగుకు మీదైన రంగులు కుదుర్చుకోవడం ఎలా?

కొత్తగా బ్లాగు మొదలుపెట్టినవాళ్లు లింకు పంపి "ఎలా ఉందో చూసి చెప్పు" అంటుంటారు. తెరిస్తే హెడ్డర్ ఒక రంగు, మెనూ ఇంకో రంగు, లింకులు మరో రంగు, అన్నిటి వెనకా ఒక పూల బొమ్మ. ఇదేంటని అడిగితే "అందరి బ్లాగుల్లా ఉండకూడదని" అంటారు. తీరా చదవబోతే రెండో పేరాకే కళ్లు లాగుతాయి. నా బ్లాగుకి నాలుగుసార్లు, తెలిసినవాళ్ల బ్లాగులకి చాలాసార్లు ఈ పని చేశాను. ఇలా చేస్తే తేలిగ్గా కుదురుతుంది.

కావలసినవి

మీరు తీసిన ఒక ఫొటో, ఒక కాంట్రాస్ట్ చెకర్ (వెనక రంగు మీద అక్షరాలు ఎంత తేటగా కనిపిస్తాయో కొలిచే సాధనం, ఉచితంగా బోలెడు దొరుకుతాయి), ఒక ఫోన్. థీమ్ ఏదైనా ఒకటే కాలమ్ ఉన్నది తీసుకోండి. సైడ్‌బార్ వద్దు. ఫోన్‌లో అది ఎలాగూ పేజీ అడుక్కి పోతుంది, అక్కడిదాకా వచ్చి చూసేవాళ్లెవరూ లేరు.

1. ముందు రంగులన్నీ తీసేయండి

థీమ్‌తో వచ్చిన రంగులన్నిటినీ నలుపు, తెలుపు, బూడిద చేసేయండి. ఆ బోసి పేజీలో ఒక పూర్తి టపా పెట్టి చదవండి. బాగాలేకపోతే లోపం ఖాళీల్లోనో అక్షరాల సైజులోనో ఉన్నట్టు. రంగు పూసి దాన్ని దాచలేరు.

తెలుగులో రాసేవాళ్లు ఇక్కడే లైన్ హైట్ (వరసకీ వరసకీ మధ్య దూరం) 1.8కి పెంచుకోండి. ఇంగ్లిష్‌కని చేసిన థీమ్‌లలో అది 1.5 దగ్గర ఉంటుంది. పై వరస వత్తులు వచ్చి కింది వరస గుడుల్ని గుద్దుకుంటాయి.

2. ఒక్క రంగు తీసుకోండి

ఒక్కటే, రెండు కాదు. 60-30-10 అని ఇంటి అలంకరణవాళ్ల సూత్రం ఒకటి తెచ్చి మూడు రంగులు వాడమంటారు. గదికి గోడలు, సోఫా, దిండ్లు ఉంటాయి. బ్లాగులో ఉండేది అక్షరాలే.

ఒక్క నొక్కుతో అయిదు రంగుల పాలెట్ ఇచ్చే సైట్ల జోలికి పోకండి. అక్కడ మీకు నచ్చింది ఇంకా చాలామందికి నచ్చి ఉంటుంది. మీ ఫొటో తెరిచి కలర్ పికర్‌తో (నొక్కిన చోటి రంగు కోడ్ చెప్పే సాధనం) నీడ పడిన చోట నొక్కండి. వెలుగు పడిన చోట తీసిన రంగు తెర మీద పాలిపోయి కనిపిస్తుంది. నా బ్లాగులో ఉన్న ఎరుపు, తుప్పు పట్టిన ఒక గేటు గొళ్లెం కింది నీడలోంచి తీసింది. అలాంటిది ఇంకెవరి దగ్గరా నేను చూడలేదు.

3. ముదురూ లేతా సరిచూడండి

అసలు తిరకాసంతా ఇక్కడే. మిగతా పనులన్నీ తొందరగా చేసినా పర్లేదు, దీనికి మాత్రం ఒక పూట కేటాయించండి.

వెనక రంగుకీ అక్షరాల రంగుకీ ఉన్న తేడాని కాంట్రాస్ట్ నిష్పత్తి అంటారు. అది 1 నుంచి 21 దాకా ఉంటుంది. తెలుపు మీద నలుపు 21. వెబ్ పేజీలు అందరికీ అందుబాటులో ఉండాలని పెట్టిన డబ్ల్యూసీఏజీ ప్రమాణాల ప్రకారం మామూలు సైజు అక్షరాలకు కనీసం 4.5, పెద్ద శీర్షికలకు కనీసం 3 ఉండాలి. కంటి అంచనా ఇక్కడ పనికిరాదు. తెల్లటి పేజీ మీద #767676 అనే కోడున్న బూడిద రంగుకి 4.54 వస్తుంది, పాస్. #777777కి 4.48, ఫెయిల్. ఆ రెండిటినీ పక్కపక్కన పెట్టినా తేడా పట్టుకోలేరు.

ఇంకో మెలిక ఉంది. కళ్లకు హాయిగా ఉంటుందని పేజీని తెలుపు నుంచి మీగడ రంగుకి మారుస్తాం. మార్చాల్సిందే కూడా, తళతళలాడే తెలుపు మీద అచ్చ నలుపు పెట్టకూడదు. నేను వాడే మీగడ రంగులో ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లు 250, 248, 243. కానీ పేజీ రంగు మారగానే ఇందాక పాసైన #767676 కాస్తా 4.3కి పడిపోతుంది. అందుకే వెనక రంగు ముందు ఖాయం చేసుకుని, ఆ తర్వాతే మిగతావి కొలవండి. ఇది తిరగేసి చేసినవాళ్లు మొత్తం మళ్లీ చేసుకోవాలి. నేనూ చేసుకున్నాను.

కలర్ పికర్‌లో కనిపించే 'లైట్‌నెస్' అంకెను నమ్మకండి. అచ్చ పసుపుకీ అచ్చ నీలానికీ హెచ్ఎస్ఎల్‌లో (రంగుని ఛాయ, గాఢత, లైట్‌నెస్ అనే మూడు అంకెలతో చెప్పే పద్ధతి) అది 50 శాతమే చూపిస్తుంది. తెల్ల పేజీ మీద మాత్రం నీలానికి 8.59 వస్తే పసుపుకి 1.07, అంటే దాదాపు కనబడనట్టే. మన కంటికి ఆకుపచ్చ వెలుగు ఎక్కువగా, నీలం చాలా తక్కువగా తెలుస్తాయి. చెకర్ లెక్కలో కూడా ఆకుపచ్చకు 0.7152, ఎరుపుకు 0.2126, నీలానికి 0.0722 వంతు ఇస్తారు. అచ్చ ఎరుపు కూడా తెలుపు మీద 4 దగ్గరే ఆగిపోతుంది. మీ రంగు ఫెయిలైతే దాన్ని మార్చేయకండి. అదే రంగుని కొంచెం కొంచెంగా ముదురు చేస్తూ 4.5 దాటేదాకా కొలవండి. నేనైతే 5.5 వచ్చేదాకా ఒప్పుకోను. తెలుగు అక్షరాల గీతలు చాలా ఫాంట్లలో సన్నగా ఉంటాయి.

చెకర్ పాస్ అన్నా పేజీలో పెట్టి చూడాలి. పక్కనున్న రంగును బట్టి రంగు మారినట్టు కనిపిస్తుంది. పారిస్‌లోని గోబెలిన్స్ నేత కర్మాగారంలో నల్ల దారం వెలిసినట్టు కనిపిస్తోందని ఫిర్యాదు వస్తే, అద్దకాల విభాగం చూసే రసాయన శాస్త్రవేత్త షెవ్రెల్ పరీక్షించాడు. అద్దకంలో లోపం లేదు, పక్కన నేసిన నీలం, ఊదా దారాల వల్ల నలుపు అలా కనిపిస్తోందని తేల్చాడు. ఆ పరిశోధనను 1839లో అచ్చు వేశాడు. కలర్ పికర్ గడిలో ముచ్చటగా ఉన్న రంగు నల్లటి వాక్యం మధ్యలో లింకుగా మారగానే నీరసంగా కనిపించేది ఇందుకే.

చివరగా ఫోన్ సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీకి వెళ్లి తెరను గ్రేస్కేల్ (రంగుల్లేకుండా నలుపు, తెలుపు, బూడిద) చేసి, ఎండలో నిలబడి మీ టపా చదవండి. మొదట్లో నేను తేదీలకు #999999 వాడాను. ల్యాప్‌టాప్‌లో ఎంత నాజూగ్గా ఉందో అని మురిసిపోయాను. మా అక్క ఫోన్ చేసి "ఇది ఎప్పుడు రాశావురా, తేదీ పెట్టలేదేం?" అంది. తర్వాత కొలిస్తే 2.85.

4. ఆ రంగు ఎక్కడెక్కడ

లింకులకు, బ్లాగు పేరుకు, బటన్లకు. అంతే. టపా శీర్షికలు నల్లగానే ఉండనివ్వండి. లింకుల కింద గీత తీసేయకండి. రంగుల తేడా సరిగా తెలియనివాళ్లకు లింకు ఎక్కడుందో చెప్పేది ఆ గీతే.

5. డార్క్ మోడ్

రంగులు తలకిందులు చేస్తే డార్క్ మోడ్ అయిపోదు. వెనక ముదురు బూడిద, అక్షరాలు కాస్త మసక తెలుపు పెట్టండి. మీ రంగుని ఈసారి లేత చేసుకుంటూ మూడో అంచెలోలాగే కొలవండి. ఓపిక లేకపోతే డార్క్ మోడ్ పెట్టకండి, ఎవరూ ఏమీ అనుకోరు.

6. ఫేవికాన్

బ్రౌజర్ ట్యాబ్‌లో కనిపించే ఈ బొమ్మకు 16 పిక్సెళ్ల చోటే ఉండొచ్చు. మీ రంగు నేపథ్యం మీద తెల్లగా ఒక అక్షరం చాలు. 'గ', 'ప', 'ర' బాగా వస్తాయి. 'క్ష్మి' పెడితే సిరా మరకలా ఉంటుంది.