స్లో ఫిల్మ్‌లోని వివరమంతా నెగటివ్‌లోకి రాబట్టాలంటే

ఐఎస్‌ఓ (కాంతికి ఫిల్మ్ స్పందించే వేగం) 50, 25, 20 ఉన్న స్లో, అంటే నెమ్మది, నలుపు-తెలుపు ఫిల్మ్ మొదటిసారి వాడినవాళ్లలో చాలామంది నెగటివ్ చూసి నిరాశపడతారు. గ్రెయిన్, అంటే బొమ్మలోని వెండి రేణువుల గరుకుదనం, దాదాపు కనబడదు, అది నిజమే. కానీ చెట్ల ఆకులు, ఇటుకల సందులు మామూలు ఐఎస్‌ఓ 100 ఫిల్మ్‌లో ఎంత స్పష్టంగా ఉంటాయో ఇక్కడా అంతే ఉంటాయి. పైగా ఎండ పడిన గోడ ఒట్టి తెల్లగా, నీడ ఒట్టి నల్లగా మిగులుతుంది. ఇందులో ఫిల్మ్ తప్పు చాలా తక్కువ. మొదటి లోపం కెమెరా దగ్గర, రెండోది డెవలపర్ (ఫిల్మ్ మీద బొమ్మను బయటికి తెచ్చే ద్రావణం) దగ్గర జరుగుతాయి.

ముందు చిన్న లెక్క చూద్దాం. లెన్స్ మిల్లీమీటరుకు 100 గీతల జతలు (పక్కపక్కనే ఉన్న ఒక నల్ల గీత, ఒక తెల్ల గీత కలిస్తే ఒక జత) విడదీయగలదనుకోండి, ఫిల్మ్ కూడా 100 అనుకోండి. రెండూ కలిస్తే నెగటివ్ మీద వచ్చేది 100 కాదు, సుమారు 50. విలోమాలు కూడి మళ్లీ విలోమం తీస్తే ఈ అంచనా వస్తుంది. అదే లెన్స్ వెనక 300 జతల ఫిల్మ్ పెడితే 75 వస్తుంది. ఇది కంటికి తెలిసే లాభం. ఇప్పుడు చేతి వణుకు వల్ల 40 జతల దగ్గర ఆగిపోయే మసక కూడా కలిసిందనుకోండి. 300 జతల ఫిల్మ్‌తో 26, 100 జతల ఫిల్మ్‌తో 22. ఈ తేడా కోసం ఇంత నెమ్మది ఫిల్మ్ వాడటం వృథా. అందుకే ఈ పనిలో ఫిల్మ్ కంటే ముందు ట్రైపాడ్ గురించి ఆలోచించాలి.

ఏ ఫిల్మ్

ఈ ఫిల్ములు రెండు జాతులు. ఒకటి మామూలు ఫొటోల కోసమే తయారైనది: ఇల్ఫర్డ్ పాన్ ఎఫ్ ప్లస్ (ఐఎస్‌ఓ 50), రోలై ఆర్‌పీఎక్స్ 25 లాంటివి. ఇవి మామూలు డెవలపర్లలో చక్కగా పనిచేస్తాయి. రెండోది పత్రాల నకళ్లకు, మైక్రోఫిల్మ్‌కు పుట్టిన జాతి: ఆడాక్స్ సీఎంఎస్ 20 టూ, ఆగ్ఫా కోపెక్స్ రాపిడ్ లాంటివి. తయారీ ఆగిపోయిన కొడాక్ టెక్నికల్ పాన్‌ది కూడా ఇదే స్వభావం. తెల్ల కాగితం మీద నల్ల అక్షరం తప్ప మధ్యలో బూడిద రంగు అక్కర్లేని పని కోసం చేసినవి కాబట్టి వీటి కాంట్రాస్ట్ సహజంగానే విపరీతం. సీఎంఎస్ 20 మిల్లీమీటరుకు 800 జతల దాకా విడదీస్తుందని తయారీదారు చెబుతారు. ఏ కెమెరా లెన్సూ ఆ దరిదాపుల్లోకి రాదు.

మొదటి ఐదారు రోల్స్ పాన్ ఎఫ్‌తోనే చేయండి. అందులో చెయ్యి కుదిరాకే రెండో జాతి దగ్గరికి వెళ్లండి. పాన్ ఎఫ్‌కు ఒక బలహీనత ఉంది: తీశాక డెవలప్ చేయకుండా ఉంచితే బొమ్మ క్రమంగా పలచబడుతుంది. మూడు నెలలు దాటనివ్వకండి, వారంలోపు చేస్తే ఇంకా మంచిది. దీని అంచుల మీది అంకెలు తరచూ వెలిసిపోయినట్లు వస్తాయి. వాటిని చూసి డెవలపింగ్ తక్కువైందని అనుకోకండి.

కెమెరా దగ్గర

35 ఎంఎం కెమెరాలో అపర్చర్ (లెన్స్‌లో కాంతి వచ్చే రంధ్రం; ఎఫ్ పక్కన అంకె పెరిగేకొద్దీ చిన్నదవుతుంది) ఎఫ్/5.6, ఎఫ్/8 మధ్య ఉంచండి. అపర్చర్ మూసేకొద్దీ కాంతి వంగి పరుచుకోవడం వల్ల స్పష్టత తగ్గుతుంది. ఎఫ్/8 దగ్గర ఆ హద్దు సుమారు 185 జతలు, ఎఫ్/16 దగ్గర 93 మాత్రమే. లెన్స్ ఎంత ఖరీదైనదైనా ఈ హద్దును దాటలేదు. ప్రకృతి దృశ్యం కదా అని అలవాటుగా ఎఫ్/16 పెడితే ఫిల్మ్ ఇచ్చేదంతా అక్కడే పోతుంది.

లెన్స్ మీద ఉండే డెప్త్ ఆఫ్ ఫీల్డ్ గుర్తులు (ఏ దూరం నుంచి ఏ దూరం దాకా స్పష్టంగా వస్తుందో చూపేవి) మామూలు సైజు ప్రింట్లకు సరిపడా వేసినవి. ఈ ఫిల్మ్‌కు అవి చాలవు. ఎఫ్/8లో తీస్తున్నప్పుడు ఎఫ్/4 గుర్తుల మధ్య ఉన్నదే స్పష్టంగా వస్తుందని లెక్క వేసుకోండి. ఫోకస్‌ను అతి ముఖ్యమైన వస్తువు మీదే నిలపండి. హైపర్‌ఫోకల్ దూరం (దూరపు కొండల దాకా అంతా స్పష్టంగా వస్తుందని లెక్క వేసే ఫోకస్ దూరం) పెట్టి వదిలేస్తే దూరపు కొండలు కొద్దిగా మెత్తబడతాయి. మామూలు ఫిల్మ్‌లో అది గ్రెయిన్ మాటున దాగుతుంది, ఇక్కడ దాగదు.

ఐఎస్‌ఓ 25 ఫిల్మ్‌కు పూర్తి ఎండలో ఎఫ్/5.6 దగ్గర షట్టర్ 1/200 సెకను. కాంతి మూడు స్టాపులు (ఒక్కో స్టాప్‌కు సగం చొప్పున) తక్కువగా ఉండే నీడపట్టున అదే 1/25. ఎల్లో ఫిల్టర్ ఇంకో స్టాప్, రెడ్ ఫిల్టర్ సుమారు మూడు స్టాపులు తింటాయి. అంటే ట్రైపాడ్ తప్పదు. ఎస్‌ఎల్‌ఆర్ కెమెరాలో 1/4 నుంచి 1/30 దాకా ఉన్న వేగాల్లో అద్దం లేచే కుదుపు ఎక్కువగా కనబడుతుంది. అద్దాన్ని ముందే లేపి ఉంచే వీలుంటే వాడండి. కేబుల్ రిలీజ్ నొక్కేముందు రెండు మూడు సెకన్లు ఆగండి. గాలి వీస్తుంటే ట్రైపాడ్ మధ్య కడ్డీని పైకి లాగకండి, కెమెరా పట్టీని గాలికి ఊగనివ్వకండి.

ఫిల్మ్ లోడ్ చేసేటప్పుడు ఒక జాగ్రత్త. సీఎంఎస్ 20 పాలియెస్టర్ బేస్ మీద వస్తుంది. బయటికి ఉన్న కొస నుంచి కాంతి గొట్టంలో పాకినట్లు డబ్బీ లోపలికి పాకుతుంది. ఎండలో లోడ్ చేస్తే మొదటి నాలుగైదు ఫ్రేములు మసకబారతాయి. కాబట్టి మసక వెలుతురులోనే డబ్బీ తెరవండి. ఆ బేస్ చిరగదు కూడా. రోల్ చివర లీవర్ బిగుసుకుంటే బలవంతం చేయకండి, తెగేది ఫిల్మ్ కాదు, విరిగేది కెమెరా గేర్లు.

ఎక్స్‌పోజర్

వివరం కావలసిన నీడను మీటర్‌తో కొలిచి, ఆ రీడింగ్ నుంచి రెండు స్టాపులు తగ్గించి తీయండి. దృశ్యం మొత్తానికి సగటు రీడింగ్ తీస్తే ఆకాశం మీటర్‌ను మోసం చేస్తుంది, నీడలు ఖాళీ అవుతాయి. పాన్ ఎఫ్‌ను 50 బదులు 25 లేదా 32గా లెక్కించి, డెవలపింగ్ సమయాన్ని 10-15 శాతం తగ్గించడం మంచి పద్ధతి. నీడలు నిండుతాయి, హైలైట్లు (బాగా వెలుగు పడిన భాగాలు) అదుపులో ఉంటాయి. మైక్రోఫిల్మ్ జాతిలో మాత్రం అర స్టాప్ తప్పినా కనబడుతుంది. ముఖ్యమైన దృశ్యానికి అర స్టాప్ అటూ ఇటూ కలిపి మూడు ఫ్రేములు తీయండి.

ఎక్స్‌పోజర్ ఒక సెకను దాటితే ఫిల్మ్ స్పందన మందగిస్తుంది. పాన్ ఎఫ్‌కు ఇల్ఫర్డ్ ఇచ్చే సూత్రం, మీటర్ చూపిన సెకన్లను 1.33 ఘాతానికి పెంచడం. మీటర్ 4 సెకన్లు చూపిస్తే 6 సెకన్లకు కొంచెం పైన, 10 చూపిస్తే 21, 30 చూపిస్తే 92. ఈ మూడు అంకెలు చీటీ మీద రాసి కెమెరా సంచిలో పెట్టుకోండి.

పాన్ ఎఫ్ డెవలపింగ్

మామూలు డెవలపర్లయిన ఐడీ-11 గానీ డీ-76 గానీ 1+1 నిష్పత్తిలో చాలు. 300 మి.లీ. ట్యాంక్‌కు 150 మి.లీ. స్టాక్ (పలచన చేయని ద్రావణం), 150 మి.లీ. నీళ్లు. ఐఎస్‌ఓ 50కి ఐడీ-11లో 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర 8 నిమిషాల 30 సెకన్లు. 25గా లెక్కించి తీసి ఉంటే 7 నిమిషాల 15 సెకన్లతో మొదలుపెట్టండి. డెవలపర్ పోయగానే 10 సెకన్లలో నాలుగుసార్లు ట్యాంక్ తిరగేసి, గాలి బుడగలు వదిలేలా అడుగును ఒకసారి బల్లకు తట్టండి. ఆ తర్వాత ప్రతి నిమిషం మొదట్లో మళ్లీ నాలుగు తిరగవేతలు. ఎక్కువ ఊపితే కాంట్రాస్ట్ పెరుగుతుంది, ఈ ఫిల్మ్‌కు దానంతట అదే చాలినంత ఉంది.

నీళ్లు వేడిగా ఉంటే 20 డిగ్రీల కోసం అవస్థపడనక్కర్లేదు. 24 డిగ్రీలకు దించి సమయాన్ని సుమారు 30 శాతం తగ్గించండి, అంటే ఎనిమిదిన్నర నిమిషాలు ఆరవుతాయి. ఐదు నిమిషాలకంటే తక్కువ సమయం మాత్రం వద్దు. డెవలపర్ పోసి, పారబోసే కొద్ది సెకన్ల తేడాకే ఆకాశంలో చారలు పడతాయి. స్టాప్ బాత్ (డెవలపింగ్‌ను ఆపే ద్రావణం), ఫిక్సర్ (బొమ్మను స్థిరపరిచే ద్రావణం), కడిగే నీళ్లు కూడా డెవలపర్‌కు దగ్గరి ఉష్ణోగ్రతలోనే ఉండాలి.

రోడినాల్ అనే డెవలపర్‌లో 1+50 పలచనకు 11 నిమిషాలు కూడా బాగుంటుంది, అంచులు ఇంకా పదునుగా వస్తాయి. మామూలుగా రోడినాల్ పెంచే గ్రెయిన్ ఇంత సన్నని ఫిల్మ్‌లో ఇబ్బంది పెట్టదు. ఎంత పలచన చేసినా ఒక రోల్‌కు కనీసం 5 మి.లీ. గాఢ ద్రావణం ఉండేలా చూడండి. 1+100 కలపాలంటే ట్యాంక్‌లో అర లీటరుకు కాస్త పైగా పట్టాలి. అంత పట్టని ట్యాంక్‌లో డెవలపర్ మధ్యలోనే అలసిపోయి నెగటివ్ పలచగా వస్తుంది.

మైక్రోఫిల్మ్ జాతికి

ఈ ఫిల్మ్‌ను మామూలు డెవలపర్‌లో ముంచితే బూడిద రంగులన్నీ పోయి నలుపు, తెలుపు మిగులుతాయి. కాంట్రాస్ట్ తగ్గించే ప్రత్యేక డెవలపర్ కావాలి. సీఎంఎస్ 20కి ఆడోటెక్ ఉంది, దానితో వచ్చే కాగితంలోని సమయాలనే పాటించండి. సొంతంగా కలుపుకోవాలనుకుంటే పోటా అనే పాత సూత్రం ఉంది: లీటరుకు సోడియం సల్ఫైట్ 30 గ్రాములు, ఫెనిడోన్ 1.5 గ్రాములు. 750 మి.లీ. వేడి నీళ్లలో ముందు సల్ఫైట్ కరిగించి, తర్వాత ఫెనిడోన్ వేసి ఓపికగా కలపండి, అది చల్లని నీళ్లలో సరిగా కరగదు. చల్లటి నీళ్లతో లీటరుకు నింపి 20 డిగ్రీలకు రానివ్వండి. ఇది నిలవ ఉండదు, కలిపిన గంటలోపు వాడి పారబోయాలి. పొడి పీల్చకుండా మాస్క్, చేతులకు గ్లవ్స్ ఉండాలి.

పోటాకు అన్ని ఫిల్ములకూ సరిపోయే సమయం లేదు. ఒకే దృశ్యాన్ని రోల్ అంతా ఐఎస్‌ఓ 6, 12, 25 చొప్పున మార్చి మార్చి తీయండి. చీకట్లో దాన్ని మూడు ముక్కలు చేసి 10, 13, 16 నిమిషాలు విడివిడిగా డెవలప్ చేయండి. ఒక్క రోల్ ఖర్చవుతుంది గానీ ఆ తర్వాత ఊహలతో పని ఉండదు.

ఈ డెవలపర్లతో వచ్చే పెద్ద చిక్కు చారలు. చిల్లుల పక్కన, ఫిల్మ్ అంచుల్లో ముదురు గీతలు పడతాయి. మూత మీంచి పోస్తే ద్రావణం ట్యాంక్ నిండేలోపే డెవలపింగ్ అక్కడక్కడా మొదలవుతుంది. చీకట్లో ట్యాంక్‌ను ముందే నింపి, లోడ్ చేసిన రీల్‌ను ఒక్కసారిగా అందులోకి దించి మూత పెట్టండి. మొదటి అర నిమిషం ఆపకుండా, ఒకే లయలో కాకుండా దిక్కు మారుస్తూ తిప్పండి.

ఫిక్సింగ్, కడగడం, ఆరబెట్టడం

స్టాప్ బాత్ పలచగా ఉండనివ్వండి, 10 సెకన్లు పైబడితే చాలు. ఫిక్సర్‌లో ఎంతసేపు ఉంచాలో ఫిల్మ్ ముక్కే చెబుతుంది: కత్తిరించిన కొసను ఫిక్సర్‌లో వేసి, అది పూర్తిగా తేటపడే సమయం చూసి దానికి రెట్టింపు ఉంచండి. ఈ ఫిల్ముల్లో పూత పలచన కాబట్టి త్వరగా తేటపడతాయి. ఎందుకైనా మంచిదని రాపిడ్ ఫిక్సర్‌లో పావుగంట వదిలేస్తే సన్నని వెండి రేణువులు కరగడం మొదలై, ముందుగా నీడల్లోని లేత టోన్లు పోతాయి.

కడగడానికి ట్యాంక్ నింపి 5 సార్లు, నీళ్లు మార్చి 10 సార్లు, మళ్లీ మార్చి 20 సార్లు తిరగేయండి. చివర డిస్టిల్డ్ నీళ్లలో ఒకటి రెండు చుక్కల వెట్టింగ్ ఏజెంట్ (నీటి మరకలు పడకుండా చేసే ద్రవం) వేసి ఒక నిమిషం ఉంచండి. ఫిల్మ్‌ను స్పాంజ్‌తో, వేళ్లతో తుడవకండి. గ్రెయిన్ లేని ఆకాశంలో వెంట్రుకంత గీత కూడా కొట్టొచ్చినట్లు కనబడుతుంది. స్నానాల గదిలో వేడి నీళ్లు కాసేపు వదిలితే ఆవిరికి దుమ్ము కిందికి దిగుతుంది, ఆ తర్వాత అక్కడే వేలాడదీయండి.

నెగటివ్ చూసి తెలుసుకోవడం

అచ్చు కాగితం మీద నెగటివ్ పెట్టి చూడండి. అత్యంత నల్లటి భాగం గుండా కూడా కింది అక్షరాలు కొద్దిగా చదవగలిగితే డెవలపింగ్ సరిపోయింది. అసలు కనబడకపోతే తర్వాతి రోల్‌కు సమయాన్ని 15 శాతం తగ్గించండి. నీడల్లో ఏమీ లేకుండా పారదర్శకంగా ఉంటే అది ఎక్స్‌పోజర్ లోపం, డెవలపింగ్ పెంచినా రాదు. నెలవంక ఆకారపు ముదురు మచ్చలు రీల్‌లోకి ఎక్కించేటప్పుడు ఫిల్మ్ నలిగిన గుర్తులు. చిన్న గుండ్రని తేట చుక్కలు బుడగలవి. బొమ్మంతా ఒకే దిశలో మసగ్గా ఉంటే వణుకు, ఒక దూరంలో పదునుగా ఉండి మిగతా చోట మెత్తగా ఉంటే ఫోకస్. దీనికి కనీసం 10 రెట్ల లూప్ (చిన్న భూతద్దం) కావాలి.

స్కానింగ్‌లో ఈ వివరం నిలవాలన్నా లెక్క చూసుకోవాలి. అంగుళానికి 2400 చుక్కల స్కాన్ 47 జతలనే పట్టగలదు, 4000 అయితే 79. ఎన్లార్జర్‌లో (నెగటివ్‌ను పెద్దది చేసి ప్రింట్ తీసే యంత్రం) అయితే నెగటివ్‌ను పట్టి ఉంచే గాజు పలకల క్యారియర్ వాడండి, బల్బు వేడికి ఫిల్మ్ వంగకుండా ఉంటుంది. ఈ నెగటివ్‌ల గ్రెయిన్ మీద ఫోకస్ చేయడం మాత్రం కష్టం, గ్రెయిన్ ఫోకసర్‌లో ఒట్టి బూడిద రంగే కనబడుతుంది. లెన్స్ పూర్తిగా తెరిచి బొమ్మలోని సన్నని తీగ గానీ ఏదైనా అక్షరం అంచు గానీ చూసి ఫోకస్ చేసి, తర్వాత రెండు మూడు స్టాపులు మూసి ప్రింట్ చేయండి.