మూలల్లో చిల్లులు లేకుండా పసిపిల్లల ఊలు బూట్లు అల్లడం ఎలా?

పసిపిల్లల ఊలు బూట్లు ఎవరైనా చేతికిస్తే రంగు తర్వాత చూడండి, ముందు మూలలు చూడండి. కాలి పట్టీ (చీలమండను చుట్టే భాగం) నుంచి పాదం పైభాగం మొదలయ్యే చోట ఇటొకటి అటొకటి రెండు మూలలుంటాయి. చాలా జతల్లో అక్కడ చిటికెన వేలు దూరేంత చిల్లు కనిపిస్తుంది. తొడిగేటప్పుడు పిల్ల కాలివేళ్ళు అందులో ఇరుక్కుంటాయి, నాలుగు ఉతుకులకు ఆ చిల్లు రెట్టింపవుతుంది. తర్వాత సూదీ దారంతో దగ్గరికి లాగి కుడితే అక్కడ ముడుత గట్టిపడి కాలికి గుచ్చుకుంటుంది. ఈ చిల్లు ఊలు వల్ల రాదు, సూది వల్ల రాదు. మూల దగ్గర కుట్లు ఎత్తే పద్ధతి తెలియక వస్తుంది. ఈ వ్యాసంలో సగం ఆ మూలల గురించే.

ఇక్కడి లెక్క పుట్టినప్పటి నుంచి మూడు నెలల వరకు, సుమారు 9 సెంటీమీటర్ల పాదానికి. ఇరవై ఒకటో రోజు తొట్లెలో వేసేనాటికి సిద్ధం చేయాలనుకునేవారికి రెండు సాయంత్రాల పని.

కావలసినవి: 4 ప్లై బేబీ ఊలు 25 గ్రాములు, 10 నెంబరు సూదులు ఒక జత, 12 నెంబరు సూది ఒకటి, మొన మొద్దుగా ఉండే ఊలు కుట్టే సూది, కత్తెర, టేపు. నల్లగొండలోనైనా పాలమూరులోనైనా ఊలుకు ప్రత్యేకంగా దుకాణం వెతకక్కర్లేదు, దారాలూ లేసులూ అమ్మే కంగన్ హాల్‌లో, మ్యాచింగ్ సెంటర్లో అడగండి. అక్కడ ఊలు పేరుతో దొరికేది చాలావరకు అక్రిలిక్. పసిపిల్లలకు అదే మేలు, రోజూ ఉతికినా కుంచించుకుపోదు. మెరిసే జరీ పోగు కలిసినది, బొచ్చు లేచి ఉండేది వద్దు. బొచ్చు పిల్లల నోట్లోకి పోతుంది.

మన దగ్గర గొంగడి నేసే దక్కని గొర్రె ఊలు ఉంది కదా, దాంతో అల్లకూడదా అని కొందరు అడుగుతారు. అది గొప్ప ఊలే. వానకూ చలికీ కాపరి భుజాన గొంగడిని మించింది లేదు. కానీ దాని పోగు ముతక, పసిచర్మాన్ని గీరుతుంది. పిల్లలకు వద్దు.

సూదుల నెంబర్ల దగ్గర ఒక్క నిమిషం ఆగండి. మన దుకాణాల్లో నెంబరు పెరిగేకొద్దీ సూది సన్నమవుతుంది. 10 నెంబరంటే 3.25 మిల్లీమీటర్లు, 12 నెంబరంటే 2.75. అమెరికా లెక్కలో ఇది తలకిందులు, అక్కడ 10 నెంబరు సూది 6 మిల్లీమీటర్ల లావు. వీడియోలో చెప్పిన నెంబరు విని మన దుకాణంలో అదే నెంబరు కొంటే పిల్లకు అల్లింది తాతకు సరిపోతుంది. నెంబరు వదిలేసి మిల్లీమీటర్లు చూసి కొనండి. ముందు చిన్న ముక్క అల్లి కొలవండి. ఒక వరుస సీదా (ఇంగ్లీషులో నిట్), ఒక వరుస ఉల్టా (పర్ల్) అల్లితే 10 సెంటీమీటర్ల వెడల్పులో 28 కుట్లు రావాలి. 25 వస్తే మీ చెయ్యి వదులు, 11 నెంబరు సూది తీసుకోండి.

కాలి పట్టీ

36 కుట్లు ఎక్కించండి. కుట్లు రెండు సూదులు జతగా పట్టుకుని ఎక్కించి, తర్వాత ఒక సూది లాగేయండి. ఒక్క సూది మీద బిగించి ఎక్కిస్తే అంచు సాగదు, పిల్ల కాలి పిక్క మీద ఎర్రటి గీత పడుతుంది. ఒక కుట్టు సీదా, ఒక కుట్టు ఉల్టా చొప్పున 16 వరుసలు అల్లండి. 17వ వరుస తాడు దూర్చే చిల్లుల వరుస. ఒక సీదా, ఆపైన దారం ముందుకు తెచ్చి రెండు కుట్లు కలిపి సీదా, ఇలా 17 సార్లు, చివర ఒక సీదా. కుట్లు మళ్ళీ 36 ఉండాలి. 18వ వరుస మొత్తం ఉల్టా. ఇంతవరకు ఎవరికీ ఇబ్బంది రాదు.

నాలుక

పాదం పైన పరుచుకునే భాగాన్ని నాలుక అందాం. 36 కుట్లను 12, 12, 12గా అనుకోండి. నడిమి పన్నెండే నాలుక. 24 కుట్లు సీదా అల్లి ఆగి, పని తిప్పండి. 12 సీదా అల్లి మళ్ళీ తిప్పండి. ఇక ఆ నడిమి 12 మీదే అటూ ఇటూ సీదాగా, మొదటి రెంటితో కలిపి 20 వరుసలు. రెండువైపులా సీదా అల్లితే పొలం గట్లలా గీతలు లేస్తాయి. రెండు వరుసలకు ఒక గట్టు, 20 వరుసలకు 10 గట్లు. వరుసలు లెక్క తప్పితే గట్లు లెక్కపెట్టండి.

నాలుకను ఒక వరుస సీదా, ఒక వరుస ఉల్టా అల్లేవాళ్ళున్నారు. చూడటానికి నునుపుగా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ అంచు లోపలికి చుట్టుకుపోతుంది, కుట్లు ఎక్కడ ఎత్తాలో కనిపించదు, లెక్క కూడా రెండు వరుసలకొకటి చొప్పున కుదరదు. గట్ల అల్లికే చేయండి.

ఇంకో మాట. వరుస మొదట్లో మొదటి కుట్టును అల్లకుండా జార్చే అలవాటు చాలామందికి ఉంటుంది. నాలుక దగ్గర అది మానండి. జార్చిన కుట్టు రెండు వరుసల పొడవు సాగి వదులుగా ఉంటుంది, దాన్ని ఎత్తితే అంచు పొడవునా కిటికీలే. ప్రతి వరుసలో మొదటి కుట్టు అల్లండి, అల్లి దారాన్ని ఒక్కసారి సుతారంగా లాగండి.

మూలలు

ఇక్కడ నెమ్మదించండి. టీవీ ముందు కూర్చుని చేసే పని కాదిది. దీపం వెలుతురులో నల్ల ఊలుతో అసలు చేయకండి, మొదటి జతకు లేత రంగే తీసుకోండి.

20వ వరుస అయ్యాక బూటు ముందువైపు మీకు కనిపించేలా పట్టుకుంటే, కుడిచేతి సూది మీద మొదటి 12 కుట్లుంటాయి. ఎడమచేతి సూది మీద నాలుకవి 12, వాటి పక్కన చివరి 12. దారమేమో నాలుక కొసన కుడివైపు వేలాడుతుంటుంది. మనకు కావలసింది నాలుక మొదట్లో, అంటే కుడిచేతి సూది మొన దగ్గర. కాబట్టి 15 సెంటీమీటర్లు వదిలి దారం తెంపండి. తెంపడం ఇష్టం లేక ఆ దారాన్నే నాలుక వెనక నుంచి కిందికి లాక్కొచ్చేవాళ్ళున్నారు. లోపల అడ్డంగా వేలాడే ఆ పోగులో పసిపిల్ల కాలివేలు చిక్కుకుంటుంది. తెంపాల్సిందే.

కుడిచేతి సూది మొన దగ్గర కొత్త దారం కలపండి, దీనికీ 15 సెంటీమీటర్ల తోక వదలండి. ఇప్పుడు మూలను వేళ్ళతో కాస్త విడదీసి చూడండి. సూది మీది పన్నెండో కుట్టుకూ నాలుక మొదటి గట్టుకూ మధ్య అడ్డంగా ఒక పోగు కనిపిస్తుంది. నాలుక అల్లినంతసేపూ ఈ చోటును రెండు పక్కలా లాగాం కనుక ఆ పోగు సాగి ఉంటుంది. చిల్లు పుట్టేది ఇక్కడే. చాలామంది దీన్ని దాటేసి నేరుగా నాలుక అంచుకు వెళ్ళిపోతారు.

ఆ పోగును 12 నెంబరు సన్న సూదితో ఎత్తి, మెలి తిప్పి సీదా అల్లండి. మెలి అంటే కుట్టు ముందు కాలులో (సూదికి మనవైపున్న పోగులో) కాకుండా వెనక కాలులో (సూది వెనకవైపు పోగులో) సూది దూర్చి అల్లడం. మెలి తిప్పకుండా అల్లితే చిల్లు మూసుకోదు, అదే చిల్లు ఇంకాస్త పైకి జరుగుతుంది. ఈ అదనపు కుట్టు ఒకటి.

తర్వాత నాలుక అంచు వెంబడి పది. ప్రతి గట్టు చివర అంచున చిన్న ముడిలా ఒక బుడిపె ఉంటుంది. సన్న సూదిని ఆ బుడిపె కింద, రెండు పోగులూ సూది మీదికి వచ్చేలా దూర్చి దారం లాగండి. ఒక్క పోగే ఎత్తితే అది సాగి పక్కన సన్నని సందు మిగులుతుంది. ఒక గట్టుకు ఒక కుట్టు, పది గట్లకు పది. వరుసలు ఇరవై కదా అని ఇరవై ఎత్తితే బూటు పక్కలు పావడా కుచ్చుల్లా లేస్తాయి. ఏడెనిమిదితో సరిపెడితే ముందుభాగం పైకి వంకర తిరుగుతుంది, పాదం నిండా దూరదు.

ఎత్తిన కుట్లన్నీ 10 నెంబరు సూది మీదే ఉండాలి. సన్న సూది ఎత్తడానికే, దాని మీద అల్లకండి.

ఇప్పుడు నాలుక కుట్లు 12 సీదా అల్లండి. నాలుక ఎడమ అంచు వెంబడి కొస నుంచి మొదలు వైపు దిగుతూ పది ఎత్తండి. చివర మూలలో, నాలుకకూ మిగిలిన పన్నెండుకూ మధ్య పోగును ఇందాకటిలాగే మెలి తిప్పి ఎత్తండి. మిగిలిన 12 సీదా. లెక్క: 12, 1, 10, 12, 10, 1, 12. మొత్తం 58. ఒక్కటి తేడా వచ్చినా ముందుకు పోకండి. తర్వాత వరుసల్లో సర్దుకుందాం అనుకుంటే అరికాలి కుట్టు పక్కకు జరిగి బూటు మెడ తిరిగినట్టు ఉంటుంది. ఈ ఒక్క వరుస విప్పడానికి రెండు నిమిషాలు, అంతే.

తిరుగు వరుసలో అదనపు కుట్లు రెండూ పోతాయి. 11 సీదా, రెండు కలిపి సీదా, 32 సీదా, రెండు కలిపి సీదా, 11 సీదా. 56 మిగులుతాయి. ఈ వరుస అయ్యాక మూలను వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. మిగతా అల్లికలో కనిపించే సందులకన్నా పెద్దది కనిపించకూడదు. కుడి మూలలో ఇంకా కొంచెం వదులుంటే వదిలిన తోకను లోపలివైపు నుంచి ఆ చుట్టూ నాలుగు పోగుల్లో తిప్పి మెత్తగా లాగండి. బిగించొద్దు, బిగిస్తే గుంట పడుతుంది.

ఈ భాగం చెయ్యి తిరగాలంటే ముందు బొమ్మ బూటు ఒకటి అల్లండి. 3 ప్లై ఊలు, 12 నెంబరు సూదులు, 24 కుట్లు. పట్టీ 8 వరుసలు, నాలుక నడిమి 8 కుట్ల మీద 12 వరుసలు, పక్కలకు ఆరేసి, మూలలకు ఒక్కొక్కటి. మూలలవి తగ్గించాక 36. సుమారు 5 సెంటీమీటర్ల పాదమున్న బొమ్మకు సరిపోతుంది. పిల్లలు బొమ్మల పెళ్ళి ఆడుకోవడానికి పనికొస్తుంది, మీ చేతికి మూల కూడా వస్తుంది.

పక్కలు, అరికాలు

కుట్లు ఎత్తిన వరుసతో కలిపి మొత్తం 12 వరుసలయ్యేదాకా సీదా అల్లండి. తర్వాత అరికాలికి తగ్గింపు. ఒక సీదా, రెండు కలిపి, 22 సీదా, రెండు కలిపి, 2 సీదా, రెండు కలిపి, 22 సీదా, రెండు కలిపి, ఒక సీదా. తిరుగు వరుస మామూలు సీదా. ఇంకో రెండుసార్లు ఇలాగే, 22 ఉన్నచోట మొదట 20, తర్వాత 18. మిగిలే 44ను తిరుగు వరుసలో వదులుగా మూసేయండి. బిగించి మూస్తే అరికాలు పడవలా వంగుతుంది. బొమ్మ బూటుకు పక్కలు 8 వరుసలు చాలు, తగ్గింపు రెండుసార్లు, 22 బదులు 12, తర్వాత 10.

మధ్యకు మడిచి, అరికాలు ముందు నుంచి మడమ దాకా, అక్కడి నుంచి వెనక పైదాకా కుట్టండి. అంచులు పక్కపక్కన ఆనించి కుట్టాలి, ఒకదాని మీద ఒకటి వేస్తే లోపల గట్టు లేస్తుంది. రెండో బూటును టేపుతో కొలవకుండా వరుసలు లెక్కపెట్టి అల్లండి, అప్పుడే జత అవుతుంది.

తాడుకు మీటరు పొడవు పోగులు రెండు తీసుకుని బాగా మెలివేసి మధ్యకు మడిస్తే 40 సెంటీమీటర్ల దాకా వస్తుంది. చిల్లుల్లో దూర్చి కొసలు ముడి వేయండి. పసిపిల్లల బూట్లకు పూసలు, గుండీలు, గజ్జెలు కుట్టకండి. ఊడితే నేరుగా నోట్లోకే. అవి బొమ్మలకు.

తొడిగే ముందు ప్రతిసారీ బూటును తిరగేసి లోపల చూడండి. వేలాడే పోగు ఏదైనా పసివేలికి చుట్టుకుంటే రక్తం ఆగిపోతుంది, పిల్ల ఏడుస్తుందే తప్ప ఎక్కడ నొప్పో చెప్పలేదు. దారం కొసలన్నీ కనీసం 4 సెంటీమీటర్ల పొడవున అల్లికలోకి దూర్చి, ఒకసారి వెనక్కి తిప్పి కత్తిరించాలి.

నడిచే పిల్లలకు ఇవి తొడగొద్దు, తాండూరు బండల మీద జారుతాయి. మన వైపు ఊలు అవసరమయ్యేది కార్తీకం నుంచి సంక్రాంతి దాకానే. మిగతా రోజులకు ఇదే లెక్కలో నూలు దారంతో అల్లొచ్చు. నూలు సాగి వెనక్కి రాదు కనుక పట్టీ తొందరగా వదులవుతుంది, తాడు తప్పనిసరి.

ఉతికాక తువ్వాలు మీద పరిచి ఆరబెట్టండి. అక్రిలిక్‌కు ఇస్త్రీ తగిలిందా, అల్లిక చప్పబడి మళ్ళీ లేవదు. దాచేటప్పుడు డాంబర్ గోలీలు వేయొద్దు. ఆ ఆవిరి పట్టిన బట్టలు కొందరు పసిపిల్లల్లో, ముఖ్యంగా జీ6పీడీ లోపం (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉండటం) ఉన్నవారిలో రక్తకణాలు పగిలి కామెర్లు ముదిరేలా చేస్తాయి. బాగా ఎండిన వేపాకు పలుచని గుడ్డలో కట్టి పెట్టెలో పెట్టండి. బూట్లు మళ్ళీ బయటికి తీసినప్పుడు ఉతికి, మూలలూ కొసలూ ఒకసారి చూసి తొడగండి.