గుంపును చెదరగొట్టే ముందు: ఆదేశం ఎవరిది, హెచ్చరిక ఎలా, తూటా ఎప్పుడు

రాళ్లు పడటం మొదలయ్యాక చట్టం పుస్తకం తెరిచే తీరిక ఎవరికీ ఉండదు. అందుకే ఇవి బందోబస్తుకు బయల్దేరక ముందే ఎస్సైకీ తహసీల్దారుకీ తెలిసి ఉండాలి. 2024 జూలై 1 నుంచి పాత నేర విచారణ ప్రక్రియ చట్టం (సీఆర్‌పీసీ) పోయి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) వచ్చింది. పాత 129 నుంచి 132 దాకా ఉన్న సెక్షన్లు ఇప్పుడు 148 నుంచి 151. పాత అంకెలే నోటికి అలవాటైపోయాయి, రిపోర్టులో మాత్రం కొత్తవే రాయండి.

ముందు తేల్చుకోవాల్సింది, చెదిరిపొమ్మని చెప్పే అధికారం ఎవరికుందన్నది. 148 ప్రకారం ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ (తహసీల్దారు లాంటి రెవెన్యూ అధికారి) చెప్పొచ్చు, స్టేషన్ బాధ్యత చూసే స్టేషన్ హౌస్ ఆఫీసర్ (ఎస్‌హెచ్‌ఓ) చెప్పొచ్చు. ఎస్‌హెచ్‌ఓ లేకపోతే ఎస్సై హోదాకు తగ్గని పోలీసు అధికారి ఎవరైనా చెప్పొచ్చు. అంటే హెడ్ కానిస్టేబుల్ తనంతట తాను లాఠీచార్జి మొదలుపెట్టడానికి వీల్లేదు. గుంపు చట్టవిరుద్ధ సమూహమైనా (చట్టం తప్పని చెప్పిన ఉమ్మడి ఉద్దేశంతో చేరిన ఐదుగురు, అంతకు మించినవాళ్లు) కావాలి, లేదా శాంతికి భంగం కలిగించేలా ఉన్న ఐదుగురు, అంతకు మించిన జనమైనా కావాలి. ఆదేశం విన్నాక కదలకపోతేనే బలప్రయోగం. ఆదేశం ఇవ్వకముందే కదిలేది లేదని తమ చేతలతో చూపిస్తే అప్పుడు కూడా బలం వాడొచ్చు. ఈ వెసులుబాటును సాకుగా చేసుకుని హెచ్చరికే మానేసేవాళ్లున్నారు. తర్వాత విచారణలో ఇరుక్కునేది అక్కడే.

హెచ్చరిక ఇచ్చామంటే చాలదు, జనానికి అది వినపడాలి. మైకులో జనం మాట్లాడే భాషలో, చిన్న చిన్న వాక్యాల్లో చెప్పండి: 'ఈ గుంపు చట్టవిరుద్ధం. వెంటనే వెళ్లిపోండి. వెళ్లకపోతే లాఠీచార్జి చేస్తాం.' నినాదాల హోరులో ఒక్కసారి చెబితే ముందు వరుస దాటి వెళ్లదు. కొంచెం ఆగి మళ్లీ చెప్పండి, మధ్యలో కదలడానికి సమయం ఇవ్వండి. ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు చెప్పారో పక్కనున్న కానిస్టేబుల్ రాసుకోవాలి, వీడియో తీయాలి. అన్నిటికన్నా ముఖ్యం, వెళ్లడానికి దారి ఉండాలి. మూడు వైపులా బారికేడ్లు పెట్టి నాలుగో వైపు నుంచి తరిమితే తొక్కిసలాట మీరే తెచ్చిపెట్టినట్టు. ఢిల్లీ రామ్‌లీలా మైదానంలో 2011 జూన్‌లో టెంట్ కింద నిద్రపోతున్న జనాన్ని అర్ధరాత్రి దాటాక లేపి ఖాళీ చేయించారు, బాష్పవాయువు కూడా వాడారు. 2012 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ తీరును గట్టిగా తప్పుపట్టింది.

లాఠీ నడుము కిందికే. తల, మెడ, వెన్నెముక, మూత్రపిండాలుండే వీపు కింది భాగం తగలకూడదు. భుజం పైకి ఎత్తిన లాఠీ ఎటూ తలమీదే దిగుతుంది, కాబట్టి అలా ఎత్తకుండా శిక్షణలోనే అలవాటు చేయాలి. పడిపోయినవాణ్ని, చేతులెత్తినవాణ్ని, వెనక్కి తిరిగి పరుగెత్తేవాణ్ని కొట్టకూడదు. చట్టం ఇచ్చింది చెదరగొట్టే అధికారం. శిక్ష కోర్టు పని.

బాష్పవాయువు వాడేముందు గాలి ఎటు వీస్తోందో చూడండి. గుప్పెడు దుమ్ము పైకి విసిరితే తెలిసిపోతుంది. గాలి మీ వైపుకే ఉంటే పొగ మీ వరుసనే చెదరగొడుతుంది. గన్‌తో పేల్చే షెల్ పైకి వాలుగా వెళ్లి పడాలి. నేరుగా మనిషి మీదికి గురిపెడితే ఆ లోహపు గొట్టం పుర్రె పగలగొట్టగలదు. మూసిన హాల్లో, ఇరుకు సందులో, ఆస్పత్రి పక్కన, బడి పక్కన వాడొద్దు. రబ్బరు, ప్లాస్టిక్ తూటాలను 'ప్రాణం తీయనివి' అంటారు, ఆ మాట నమ్మొద్దు. దగ్గర నుంచి తగిలితే కన్ను పోతుంది, ప్రాణమూ పోవచ్చు. వాటిక్కూడా నడుము కిందే గురి. ఇక్కడొక వింత: 1993 నాటి రసాయన ఆయుధాల ఒప్పందం బాష్పవాయువును యుద్ధతంత్రంగా వాడొద్దంటుంది, దేశంలో శాంతిభద్రతల కోసమైతే సరేనంటుంది.

ఇక తుపాకీ. గాల్లోకి కాల్పులు జరిపితే ఎవరికీ ఏమీ కాదన్నది అపోహ. రైఫిల్ తూటా కిలోమీటరు దాటాక కూడా ప్రాణం తీయగలదు. గుంపు తలల మీదుగా కాల్చింది మేడమీద నిలబడి చూస్తున్నవాళ్లకో, వెనక వీధిలో పాల ప్యాకెట్‌కు వెళ్లినవాళ్లకో తగులుతుంది. కాల్చక తప్పని పరిస్థితి వస్తే ఏం చేయాలన్నది సైన్యం చేయాల్సినవి, చేయకూడనివి అన్న పట్టికలో స్పష్టంగా ఉంది. 1997 నవంబర్ 27న సాయుధ దళాల ప్రత్యేకాధికారాల చట్టాన్ని సవాలు చేసిన నాగా పీపుల్స్ మూవ్‌మెంట్ కేసులో సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం ఆ పట్టికను పాటించి తీరాలంది. అందులో పౌర అధికారులకు సాయంగా దిగినప్పుడు పాటించాల్సిన భాగం పోలీసులూ చదవదగ్గదే. కాల్పులు నిజంగా తగిలేవేనని స్థానిక భాషలో చెప్పాలి. కాల్చేముందు బ్యూగిల్ ఊదో, మరో విధంగానో జనం దృష్టిని తమ వైపు తిప్పుకోవాలి. జవాన్లను చిన్న జట్లుగా విడగొట్టి ఒక్కో జట్టుకు ఒక కమాండర్‌ను పెట్టాలి. ఆదేశం కమాండర్ నోటి నుంచే రావాలి. గురి కిందికి, ముందు వరుసలో నిజంగా అల్లరి చేస్తున్నవాళ్ల మీదికి, రెచ్చగొడుతున్న నాయకుల మీదికి. వెనకనున్న జనసందోహంలోకి కాల్చకూడదు. లైట్ మెషిన్ గన్‌లు రిజర్వులోనే ఉండాలి. ఉద్దేశం నెరవేరగానే ఆపాలి, వెంటనే గాయపడ్డవాళ్లను చూడాలి.

ఈ ఒక్కో మాటకూ వెనక ఒక నెత్తుటి కారణముంది. 1919 ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగ్‌లో హెచ్చరిక లేదు, దారి లేదు, జనం చెదురుతున్నా కాల్పులు ఆగలేదు. 1,650 రౌండ్లు పేల్చారు.

సైన్యాన్ని పిలవాలంటే 149. గుంపు మరో విధంగా చెదరదని తేలాలి, ప్రజా భద్రతకు అది అవసరం కావాలి. ఆదేశం ఇచ్చేది జిల్లా మేజిస్ట్రేట్, లేదా ఆయన అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్, అదీ అక్కడ హాజరై ఉండి. గుంపును చెదరగొట్టమని అడగడం వరకే మేజిస్ట్రేట్ పని. ఎలా అన్నది సైనికాధికారి నిర్ణయం, కాబట్టి 'పది రౌండ్లు కాల్చండి' అని చెప్పే హక్కు తహసీల్దారుకు లేదు. సైనికాధికారికీ పగ్గముంది: వీలైనంత తక్కువ బలం, మనుషులకూ ఆస్తికీ వీలైనంత తక్కువ నష్టం. ఏ మేజిస్ట్రేట్‌తోనూ మాట్లాడే వీలు లేక, భద్రతకు ముప్పు కళ్లకు కడుతుంటే 150 కింద సైన్యంలోని కమిషన్డ్ లేదా గెజిటెడ్ అధికారి తనంతట తాను దిగొచ్చు. మాట్లాడే వీలు దొరికిన క్షణమే మాట్లాడాలి, కొనసాగాలా వద్దా అన్నది ఇక మేజిస్ట్రేట్ మాటే.

ఇలా చెదరగొట్టినవాళ్లకు కేసుల నుంచి 151 ఇచ్చే కవచం సద్భావనతో చేసిన పనికే. సైనిక దళాల వాళ్ల మీద కేసు నడపాలంటే కేంద్రం అనుమతి కావాలి, మిగతావాళ్ల విషయంలో రాష్ట్రం అనుమతి.

గుంపు పోయాక పని సగమే అయినట్టు. అంబులెన్సుకు దారి తీయండి. గాయపడ్డది ఏ వైపు వాళ్లన్నది అప్పుడు అప్రస్తుతం. ఆ తర్వాత రౌండ్ల లెక్క: ఆయుధాగారం నుంచి ఎన్ని ఇచ్చారు, ఎన్ని తిరిగొచ్చాయి, నేలమీద ఎన్ని ఖాళీ షెల్స్ (పేలిన తూటాల తొడుగులు) దొరికాయి. ఒక్కో తుపాకీ నంబరుకు ఎదురుగా అది వాడినవాళ్ల పేరు, ఎవరి ఆదేశంతో కాల్చారు, సమయం. ఈ మూడు లెక్కలు కలవకపోతే ఎవరో ఆదేశం లేకుండా కాల్చారన్న అనుమానం వస్తుంది, మొత్తం దళం బోనులో నిలబడుతుంది. అందుకని షెల్స్ ఏరడం ఆ సాయంత్రమే జరగాలి. పొద్దున్నే మున్సిపాలిటీ వాళ్లు ఊడ్చేస్తారు.