ఊరివాళ్లు నడిపే అటవీ యాత్రకు బయలుదేరే ముందు

డబ్బు కట్టే ముందే అడగండి: ఇందులో ఊరికి చేరేది ఎంత, పంచేది ఎవరు? బోర్డు మీద ‘ఎకో’ (పర్యావరణహితం) అని రాసుకుంటే సరిపోదు. సూటిగా జవాబు రాకపోతే మరో చోటు చూసుకోండి.

జలుబు, దగ్గు ఉంటే ప్రయాణం వాయిదా వేయండి. మనుషుల శ్వాసకోశ వ్యాధులు సోకి గొరిల్లాలు, చింపాంజీలు చనిపోయిన సందర్భాలున్నాయి.

మట్టిరంగు బట్టలు, నీళ్ల సీసా, టార్చి. అత్తరు వద్దు.

ఫోనులో ఫ్లాష్‌తో పాటు లొకేషన్ కూడా ఆపేయండి. జంతువు ఉన్న చోటు ఫొటో ద్వారా బయటపడితే వేటగాళ్లకు దారి చూపినట్లే.

స్థానిక గైడు ఆగమంటే ఆగాలి, ఫొటో సగంలో ఉన్నా సరే. ఇంకా దగ్గరకు తీసుకెళ్లమని చేతిలో నోటు పెట్టకండి. జంతువులకు మేత వేయకండి.

ఊరివాళ్లను ఫొటో తీయాలంటే ముందు అనుమతి అడగండి.