ఫైర్ పంపు కరెంటు కనెక్షన్: నెల్లూరు, ఒంగోలు అపార్ట్‌మెంట్లకు దరఖాస్తు విధానం

అపార్ట్‌మెంట్‌లో మంట లేస్తే వాచ్‌మన్ ముందు పరిగెత్తేది మెయిన్ స్విచ్ దగ్గరికే. దాన్ని దింపేస్తాడు, దింపాల్సిందే. ఫైర్ పంపుకూ ఆ మెయిన్ కిందనుంచే వైరు లాగి ఉంటే మాత్రం, సరిగ్గా నీళ్లు కావాల్సిన సమయానికే పంపు ఆగిపోతుంది. పాత బిల్డింగుల్లో ఈ తప్పు ఎక్కువ.

రాష్ట్ర ఫైర్ సర్వీస్ చట్టం, 1999 ప్రకారం 18 మీటర్లు, ఆపైన ఎత్తున్న నివాస భవనాలకు ఫైర్ ఎన్‌ఓసీ (అగ్నిమాపక శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రం) తప్పనిసరి. వాణిజ్య భవనాలైతే 15 మీటర్లకే. ప్లాన్ దశలోనే ప్రొవిజనల్ (తాత్కాలిక) ఎన్‌ఓసీకి ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయాలి. పంపు రూము, సంపు, పైపులైన్ల డ్రాయింగ్‌తో పాటు కరెంటు ఎక్కడినుంచి ఎక్కడికి వెళ్తుందో చూపే సింగిల్ లైన్ డయాగ్రమ్ కూడా పెట్టండి. అందులో పంపు లైన్‌ను ఎర్ర రంగులో గీయించండి. మెయిన్ బ్రేకర్‌కు ముందే అది విడిపోయి, సొంత ప్యానెల్‌కు వెళ్తున్నట్టు చూడగానే తెలియాలి.

తర్వాత కరెంటు ఆఫీసు. నెల్లూరు వాళ్లకు కరెంటు ఇచ్చే సంస్థ ఎస్పీడీసీఎల్, ఒంగోలు వాళ్లకు సీపీడీసీఎల్. అడిగే లోడ్‌లో ఫైర్ పంపు, జాకీ పంపు (పైపుల్లో ప్రెషర్ తగ్గకుండా నిలిపే చిన్న పంపు) హార్స్‌పవర్ కలపడం మర్చిపోకండి. లైసెన్సున్న కాంట్రాక్టరు సంతకంతో టెస్ట్ రిపోర్టు ఇవ్వాలి.

భవనం 15 మీటర్లు దాటితే ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్‌కు కనీసం 30 రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. టెన్షన్ పెట్టేది ఈ తనిఖీయే. కేబుళ్లు వెళ్లే డక్టును ప్రతి అంతస్తు దగ్గరా మంట పాకకుండా మూసి ఉండాలి. కింద నిలబడి టార్చి కొడితే పై అంతస్తులో వెలుగు కనిపించిందంటే పని మిగిలే ఉందన్నమాట. పంపు కేబుల్ మంటలోనూ కాసేపు నిలబడే ఫైర్ సర్వైవల్ రకం కావాలి, మిగతా వైర్లతో కలిపి ఒకే పైపులో లాగకూడదు.

స్టార్టర్ దగ్గర మనవాళ్లు చేసే పొరపాటు ఇంకొకటుంది. బోరు మోటారు అలవాటుతో ఫైర్ పంపుకూ ఓవర్‌లోడ్ రిలే (లోడ్ ఎక్కువైతే మోటారును ఆపేసేది) బిగించేస్తారు. బోరుకైతే అది మంచిదే, మోటారు కాలకుండా కాపాడుతుంది. ఇక్కడ కాపాడాల్సింది మోటారును కాదు. ఓవర్‌లోడ్ అయితే అలారం మోగితే చాలు, పంపు ట్రిప్ కాకూడదు. షార్ట్ సర్క్యూట్ రక్షణ మాత్రం ఉండాలి. ప్రెషర్ పడిపోగానే మెయిన్ పంపు దానంతటదే స్టార్ట్ కావాలి, ఆపడం మాత్రం మనిషి చేతుల్లోనే ఉండాలి.

రూల్‌లో ఉన్నా లేకపోయినా నేను పట్టుబట్టేది ఒకటుంది. సెల్లార్‌లో ప్యానెల్‌ను ఎత్తైన దిమ్మె మీద పెట్టించండి. 2021 నవంబర్‌లో పెన్నా పొంగినప్పుడు నెల్లూరు ఏమైందో చూశాం కదా.

అన్నీ అయ్యాక, జనం చేరేముందు తీసుకునే ఆక్యుపెన్సీ ఎన్‌ఓసీకి దరఖాస్తు చేయాలి. అధికారులు రాకముందే మీరే ఒకసారి పరీక్ష పెట్టుకోండి. మెయిన్ దింపి, పై అంతస్తులో హైడ్రంట్ (మంటలార్పే నీళ్ల వాల్వు) తిప్పి, పంపు లేస్తుందో లేదో చూడండి. కరెంటు పూర్తిగా తీసేసి జనరేటర్ మీద మళ్లీ తిప్పండి. జనరేటర్‌లో డీజిల్, బ్యాటరీలో ఛార్జ్ ఉన్నాయా అనేది ముందురోజే చూసుకోవాలి. పంపు రూము తాళం కూడా. ఒకచోట టెస్ట్ రోజున అన్నీ సిద్ధంగా ఉన్నా, తాళం చెవి కోసమే అరగంట వెతికాం.